ముదిమికి నడక తోడు

పెద్దల నోట తరచుగా వినవచ్చు మాటలు రెండు గలవు. “కాలుచేయి ఆడుచుండగనే వెళ్లిపోవలెను” అనునది ఒకటి. “అరువదేండ్లకు అరులుమరులు” అనునది రెండవది. మొదటిది శరీరమును గూర్చిన కోరిక; రెండవది బుద్ధిని గూర్చిన భయము. ఈ కోరికకును ఈ భయమునకును నడుమ సంబంధ మేమైన గలదా? కాలు ఆడినంత కాలము బుద్ధియు నిలుచునా? ప్రశ్న పాతదే. దానిని పరీక్షకు నిలిపి సమాధానము రాబట్టుట మాత్రము గడచిన 50 సంవత్సరముల పని. ఆ పరీక్షల కథయే నేటి ప్రసంగము.

ఇది పండితుల గోష్ఠికి మాత్రమే చెందిన విషయము కాదు. షష్టిపూర్తి జరిగిన తండ్రిని పడకకుర్చీలో కూర్చుండబెట్టి, మంచినీళ్లు మొదలు వార్తాపత్రిక వరకు సమస్తమును చేతికందించుట మన యిండ్లలో గౌరవముగా ఎంచబడుచున్నది. ఆయన సంచి చేతబట్టి అంగడికి బయలుదేరినచో “మేము లేమా?” యని కొడుకులు నొచ్చుకొందురు. తల్లి పెరటిలోని మొక్కలకు నీరు పోయబోయినచో కోడలు చెంబు అందుకొనును. ఆ మాటలోను, ఆ చేతలోను ప్రేమయే యున్నది. కాని ఆ ప్రేమ పెద్దలకు ఏమి ఇచ్చుచున్నదో, వారినుండి ఏమి తీసికొనుచున్నదో తెలిసికొనుట అవసరము.

వృద్ధులకు వ్యాయామము తగునా యను విషయమున మన వైద్యగ్రంథములలోనే రెండు ధోరణులు కనిపించును. అష్టాంగహృదయమున వాగ్భటుడు వ్యాయామము వలన దేహము తేలికపడుననియు, పనిచేయు సామర్థ్యము కలుగుననియు, ఆకలి పెరుగుననియు, కొవ్వు కరగుననియు చెప్పెను. బలము గలవారు సైతము తమ శక్తిలో సగము మేరకే దానిని చేయవలెనని హద్దు పెట్టెను. దానిని విడువవలసిన వారిలో బాలురను, అజీర్ణము గలవారిని, వారితోపాటు వృద్ధులను చేర్చెను. సుశ్రుతసంహిత మరియొక మాట చెప్పుచున్నది. దేహమునకు అధికమైన బాధ కలుగని రీతిని నడచుట ఆయువును, బలమును, జఠరాగ్నిని మాత్రమే గాక మేధను గూడ ఇచ్చుననియు, ఇంద్రియములను మేలుకొల్పుననియు దాని అభిప్రాయము. నడకను మేధతో ముడివేసిన ఈ మాట గమనింపదగినది. ఆయాసము కలిగించు కసరత్తు వేరు, మితమైన నడక వేరు అను వివేకము ఈ రెండు గ్రంథములను కలిపి చదివినవారికి బోధపడును.

పాశ్చాత్యులలోను ఇట్టి ఆలోచన చిరకాలముగా నున్నది. రోమునగరపు మహావక్త సిసెరో క్రీ. పూ. 44లో, 62 ఏండ్ల వయస్సున, వార్ధక్యమును గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. అందు 84 ఏండ్ల కేటో అను వృద్ధుడు ప్రధాన పాత్ర. ముదిమిని రోగమును వలె ఎదుర్కొనవలెననియు, మితముగా వ్యాయామము చేయవలెననియు, అంతకంటె మిన్నగా మనస్సును పోషింపవలెననియు, చమురు పోయని దీపము వలె అదియు ఆరిపోవుననియు ఆయన బోధించును. రెండవ శతాబ్దపు వైద్యుడు గేలెన్, ఎనుబదేండ్లు దాటిన పిదపను ప్రతిదినము నగరమధ్యమునకు వెళ్లుచుండిన ఆంటియోకస్ అను వైద్యుని ఉదాహరణముగా చూపెను.

అయితే ఉదాహరణము వేరు, నిరూపణము వేరు. నడచుట వలన ఆ వృద్ధుని బుద్ధి చురుకుగా నుండెనా, లేక బుద్ధియు దేహమును చురుకుగా నుండుట వలననే ఆయన నడువగలిగెనా? ఈ చిక్కును విడదీయుటకు వేల సంవత్సరములు మార్గము దొరకలేదు.

ఇంతలో శాస్త్రమే ఈ ఆశకు అడ్డు నిలిచెను. స్పెయిన్ దేశీయుడైన సాంటియాగో రామోన్ ఇ కాహాల్ నాడీకణముల నిర్మాణమును సూక్ష్మదర్శినిలో పరిశీలించి, 1906లో గోల్జీ అను ఇటలీ శాస్త్రజ్ఞునితో కలిసి నోబెల్ బహుమానము పొందిన ప్రాజ్ఞుడు. పెద్దవారి మెదడులో నాడీమార్గములు స్థిరపడిపోయినవనియు, అక్కడ చావే గాని పుట్టుక లేదనియు 1913–14 సంవత్సరములలో వెలువడిన గ్రంథమున ఆయన తీర్మానించెను. ఈ కఠినశాసనమును మార్చుట సాధ్యమైనచో అది భవిష్యత్తు శాస్త్రజ్ఞుల పనియని గూడ ఆయనయే వ్రాసెను. అర్ధశతాబ్దికి పైగా వైద్యవిద్యార్థులు మొదటి మాటను వల్లించిరి. రెండవ మాటను మరచిరి. మెదడు ఒక మూసివేసిన లెక్కవంటిదైనచో ముదిమిలో దానికి చేయగలిగిన మేలేమున్నది?

దారి తెరచినది మెదడును గూర్చిన పరిశోధన కాదు, గుండెను గూర్చినది. లండన్ నగరమున జెర్రీ మోరిస్ అను వైద్యుడు రెండంతస్తుల బస్సులలో పనిచేయు ఉద్యోగుల ఆరోగ్యమును పరిశీలించెను. పూర్వము హైదరాబాదు నగరమున తిరిగిన బస్సులవంటివే అవియు. డ్రైవరు దినమంతయు కూర్చుండును. కండక్టరు టిక్కెట్లకై దినమునకు 500 మెట్లకు తక్కువగాకుండ ఎక్కుచుండెను. ఇరువురును ఒకే సంస్థవారు, ఒకే బస్సువారు. సుమారు 31,000 మంది వివరములు చూడగా, గుండెజబ్బు డ్రైవర్లకంటె కండక్టర్లలో తక్కువగా నుండెను. 1953లో ఈ ఫలితములు ప్రకటింపబడినవి. కూర్చుండుట విశ్రాంతి మాత్రమే కాదు, అపాయము గూడ కావచ్చునని లోకము గ్రహింపసాగెను. మోరిస్ తానును వ్యాయామమును విడువక, 2009లో 99 ఏండ్ల వయస్సున మరణించెను.

గుండెకు మేలైనది మెదడునకును మేలగునా? 1975లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున వానీన్ స్పిర్డూసో అను విదుషి, ఏండ్లతరబడి బంతియాటలాడుచుండిన వృద్ధులను, ఆటలెరుగని వృద్ధులను, ఇదే విధముగా రెండు తెగల యువకులను చేర్చి, సంకేతము కనబడినంతనే చేయి ఎంత త్వరగా కదలునో కొలిచెను. ఆటలాడు వృద్ధుల వేగము, ఆడని వృద్ధులకంటె ఎంతో హెచ్చుగా నుండి, ఆడని యువకుల వేగమునకు దరిదాపుగా నుండెను. ఆశ కలిగించు ఫలితమే. కాని పాతచిక్కు విడలేదు. చురుకైనవారే ఆటలలో నిలిచియుందురేమో!

ఈ నడుమ కాహాల్ శాసనమునకు బీటలు వారసాగెను. 1962లో జోసెఫ్ ఆల్ట్‌మన్, 1965లో ఆయనయు గోపాల్ దాస్ అను సహచరుడును, పెరిగిన ఎలుకల మెదడులో క్రొత్త నాడీకణములు పుట్టుచున్నవని ప్రకటించిరి. చాలకాలము వారి మాట నెవరును చెవిని బెట్టలేదు. 1998లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు పీటర్ ఎరిక్‌సన్, అమెరికాలోని ఫ్రెడ్ గేజ్ ప్రభృతులు, క్యాన్సరు వ్యాధితో మరణించిన ఐదుగురి మెదళ్లను పరీక్షించి, మనుష్యులలోను అట్టి కణములు జనించినట్లు చూపిరి. అవి కనిపించిన చోటు హిప్పోకాంపస్. సముద్రపు గుర్రమను చేపను పోలియుండుటచే దానికా పేరు వచ్చినది. క్రొత్త విషయములను జ్ఞాపకమున నిలుపుటకు అది ముఖ్యస్థానము. మరుసటి సంవత్సరమే గేజ్ ప్రయోగశాలలోని హెన్రియెట్ వాన్ ప్రాగ్, పంజరమున చక్రముపై పరుగెత్తు చుంచెలుకలలో ఈ కణముల పుట్టుక హెచ్చునని నిరూపించెను. 2005లో ముసలి చుంచెలుకలలోను పరుగు వలన ఈ మేలు కొంతవరకు కలుగునని కనుగొనబడెను. మెదడులోని కణములను పోషించు బి.డి.ఎన్.ఎఫ్. అను మాంసకృత్తు తయారగుట పరుగెత్తు ఎలుకలలో పెరుగునని 1995లోనే కార్ల్ కాట్‌మన్ బృందము చూపియుండెను. కాలికిని మెదడునకును నడుమ వార్త మోయు దూతలలో నిది యొకటి.

ఎలుక సంగతి సరే, మనుష్యుని మాటయేమి? పాతచిక్కును విడదీసిన ఉపాయము చీట్లు వేయుట. ఎవరు నడువవలెనో వారి యిష్టమునకు విడువక, చీటి ననుసరించి నిర్ణయించినచో, చురుకైనవారు, మందకొడివారు రెండు పక్షములలోను సమముగా పడుదురు. తరువాత కనిపించు భేదమునకు నడకయే కారణమని చెప్పవచ్చును. 1999లో ఆర్థర్ క్రేమర్ బృందము ఇట్టి పరీక్ష నొకదానిని ప్రకటించెను. 60 నుండి 75 ఏండ్ల వయస్సు గలిగి, వ్యాయామము అలవాటులేని 124 మందిని రెండుగా విభజించి, ఒక వర్గముచే నడక, రెండవ వర్గముచే ఒడలు సాగదీయు తేలిక కదలికలు 6 నెలలు చేయించిరి. ఒక పనినుండి మరియొక పనికి మనస్సును మరల్చుట, అక్కరలేనిదానిని పట్టించుకొనకుండుట, తొందరపాటును ఆపుకొనుట వంటి పనులలో నడచినవారు మెరుగుపడిరి. వీథి దాటునపుడును, లెక్క చూచుకొనునపుడును మనకు అక్కరకు వచ్చునవి ఈ శక్తులే.

మనస్సునకు బుద్ధి యెంతయో ఉల్లాసమును అంతే. అదే 1999లో డ్యూక్ విశ్వవిద్యాలయమున జేమ్స్ బ్లూమెంథాల్, తీవ్రమైన కుంగుబాటుతో బాధపడుచున్న 50 ఏండ్లు పైబడిన 156 మందిని మూడు వర్గములుగా చేసెను. ఒక వర్గమునకు మందు, ఒక వర్గమునకు వ్యాయామము, ఒక వర్గమునకు రెండును ఇచ్చెను. మొదటి వారములలో మందు త్వరగా పనిచేసెను. 16 వారములు ముగియునప్పటికి మూడు వర్గములవారును ఇంచుమించు సమముగా కోలుకొనిరి. దీనినిబట్టి వైద్యుడిచ్చిన మందు మానవచ్చునని ఎవరును భావింపరాదు. దిగులుతో మంచమునకు అంటుకొనిన పెద్దలను మెల్లగా వాకిటిలోనికి నడిపించుటయు చికిత్సలో భాగమే యని మాత్రము గ్రహింపవలెను.

2011లో కిర్క్ ఎరిక్‌సన్ బృందము 120 మంది వృద్ధులను పరీక్షించెను. వారిలో ఒక వర్గమువారు వారమునకు 3 దినములు, దినమునకు 40 నిమిషములు చొప్పున ఒక సంవత్సరము నడచిరి. వారి హిప్పోకాంపస్ పరిమాణము సుమారు 2 శాతము పెరిగెను. సాగదీయు కదలికలు మాత్రమే చేసినవారిలో 1.4 శాతము తగ్గెను. వయస్సుతో కుంచించుకొనిపోవు భాగము పెరిగెనన్న వార్త దేశదేశముల పాకెను. కాని జ్ఞాపకశక్తి పరీక్షలలో రెండు వర్గములవారును మెరుగుపడిరన్న సంగతి ఆ వార్తతోపాటు అంతదూరము పోలేదు.

చరిత్ర చెప్పువాడు గెలుపులను మాత్రమే చెప్పరాదు. 2015లో 70 నుండి 89 ఏండ్ల వయస్సు గల 1,635 మందితో 2 సంవత్సరములు జరిగిన పెద్దపరీక్షలో, వ్యాయామము చేసినవారికిని ఆరోగ్యబోధ విన్నవారికిని బుద్ధిశక్తిలో భేదము కానరాలేదు. డిమెన్షియా అను మతిక్షీణత అదివరకే సంక్రమించినవారిలో కఠినవ్యాయామము ఆ వ్యాధిని నెమ్మదింపజేయలేదని 2018లో ఇంగ్లండులో తేలెను. ఆ సంవత్సరమే, పెద్దవారి మెదడులో క్రొత్తకణములు పుట్టుచున్నవని ఒక బృందము, జాడయే లేదని మరియొక బృందము ప్రకటించి, వివాదమును తిరుగదోడినవి. 2015లో ఫిన్లండు దేశమున మాత్రము 1,260 మందిలో ఒక వర్గమువారికి ఆహారము, వ్యాయామము, బుద్ధికి అభ్యాసము, రక్తపోటు మొదలగువాని పర్యవేక్షణము కలిపి 2 సంవత్సరములు నడుపగా బుద్ధిశక్తి కొంత మేలుగా నిలిచెను.

ఈ గెలుపోటములను కలిపి చూచినచో తేలున దేమి? నడక సర్వరోగనివారిణి కాదు. పోయిన మతిని అది తిరిగి తేలేదు. కాని ముదిమిలోని మెదడు మూసివేసిన లెక్కయు కాదు. దేహము కదలినపుడు అందులో రక్తప్రసారము, పోషణము, చురుకుదనము మారుచున్నవి. ఆలస్యముగ ప్రారంభించినను కొంత ఫలము గలదు. ముందుగ ప్రారంభించి విడువకుండుట మరియు మేలు. డిమెన్షియాకు దారితీయు, మనము సవరించుకొనదగిన 14 కారణములలో కదలిక లేకుండుట నొకదానినిగా లాన్సెట్ పత్రిక నియమించిన పండితసంఘము 2024లో పేర్కొనెను. 65 ఏండ్లు దాటినవారును వారమునకు 150 నుండి 300 నిమిషములు మితమైన శ్రమ చేయవలెననియు, 3 దినములైనను తూలకుండ నిలుచు అభ్యాసమును, కండబలము పెంచు అభ్యాసమును చేయవలెననియు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో సూచించెను. చేయలేనివారు చేయగలిగినంత చేసినను మేలేయని గూడ చెప్పెను. గుండెజబ్బు, మోకాటినొప్పి, కన్నుమసక గలవారు వైద్యుని అడిగి ప్రారంభింపవలెను.

ఇక మొదట చెప్పిన ఇంటికి వత్తము. అంగడికి పోవు పెద్దాయన కాళ్లతోమాత్రమే నడుచుట లేదు. దారి గుర్తుంచుకొనుచున్నాడు, బండిని తప్పించుకొనుచున్నాడు, బేరమాడి చిల్లర లెక్కించుచున్నాడు, ఎదురైన మిత్రుని కుశలమడుగుచున్నాడు. మనము “మేము లేమా?” యని ఆ సంచి తీసికొనినపుడు వీనినన్నిటిని ఒక్కసారిగా తీసికొనుచున్నాము. సంచి ఆయన చేతిలోనే ఉండనిండు. బరువైనచో సగము సరుకే తెమ్మనుడు. తోడు కావలసినచో ప్రక్కన నడువుడు.