క్షారశాంతి: సుశ్రుతాచార్యుని ప్రశ్న

శల్యతంత్రానికి మూలగ్రంథమైన సుశ్రుతసంహితలో, సూత్రస్థానంలోని 11వ అధ్యాయానికి క్షారపాకవిధి అని పేరు. క్షరింపజేసేది, హింసించేది కనుక క్షారమని అక్కడే నిర్వచనం ఉంది. ఛేదన భేదన కర్మలను నిర్వహించగల ఈ ద్రవ్యాన్ని ఆచార్యుడు శస్త్రానుశస్త్రాలన్నిటిలో ప్రధానమైనదిగా పరిగణించాడు.

ముష్కకాది వృక్షాలను దహించి, ఒక పాలు భస్మాన్ని ఆరు పాళ్ళ నీటిలో కలిపి, 21 మార్లు వడగట్టి కాచాలి. అంతమాత్రంతో సిద్ధించేది మృదుక్షారం. సున్నపురాయిని, శంఖనాభిని ఎర్రగా కాల్చి అందులో చేరిస్తే మధ్యమం. దంతి, చిత్రకం వంటి ఓషధులు కూడా చేరితే తీక్ష్ణం. దీనిని ఇనుప పాత్రలో, మూతి బిగించి భద్రపరచాలని విధి.

భస్మోదకంలో ప్రధానంగా ఉండేది పొటాషియం కార్బొనేట్. కాల్చిన సున్నం చేరినప్పుడు కాల్షియం కార్బొనేట్ అడుగుకు దిగి, దాహకమైన పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రవంలో నిలుస్తుంది. గాలి సోకితే అందులోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి అది తిరిగి మృదువవుతుంది. మూతి బిగించాలన్న విధికి సార్థక్యం ఇదే. మృదు దాహక క్షారాల మధ్య భేదానికి ఈ వాయువే కారణమని స్కాట్లండ్ దేశీయుడైన జోసెఫ్ బ్లాక్ 1756లో ప్రకటించాడు.

వ్యాధిస్థానంలో క్షారాన్ని ఉంచి, 100 మాటలు పలికేంత కాలం వేచి, అనంతరం ఆమ్లద్రవ్యాలతో శమింపజేయాలని సుశ్రుతుడు చెప్పాడు. అక్కడే ఒక ఆక్షేపాన్ని తానే లేవనెత్తాడు. క్షారం అగ్నితుల్యం; ఆమ్లమూ ఉష్ణమే, తీక్ష్ణమే. అగ్నిని అగ్ని ఎట్లా చల్లార్చగలదు? సమాధానం కూడా తానే చెప్పాడు: క్షారంలో ఆమ్లం తప్ప తక్కిన రసాలన్నీ ఉన్నాయి, కటువు ప్రధానం, లవణం అనురసం. ఆమ్లసంయోగం వల్ల ఆ తీక్ష్ణలవణరసం మాధుర్యాన్ని పొంది, తన తీక్ష్ణత్వాన్ని విడిచి, నీటిచేత తడిసిన అగ్నివలె శాంతిస్తుంది.

స్వీడన్ దేశీయుడైన అర్హీనియస్ 1884లో సమర్పించిన పరిశోధన నుండి వికసించిన సిద్ధాంతం ఈ శాంతికి వేరొక హేతువును చూపింది. ఆమ్లం నీటిలో హైడ్రోజన్ అయాన్లను, క్షారం హైడ్రాక్సైడ్ అయాన్లను విడుస్తాయి. ఆ రెండూ కలిస్తే నీరు ఏర్పడుతుంది, లవణం శేషిస్తుంది. ఈ సంయోగంలో ఉష్ణం కూడా పుడుతుంది. అందుచేతనే నేటి వైద్యం క్షారదగ్ధాన్ని ఆమ్లంతో కాక, ధారాళమైన నీటితో చాలాసేపు కడగమని విధిస్తుంది.

నీటి ఉపమానాన్ని ఆధారం చేసుకొని సుశ్రుతునికి అయాన్లు తెలుసునని చెప్పడం శాస్త్రానికీ, ఆచార్యునికీ కూడా అపచారమే. ఆయనకు ప్రత్యక్షమైనది తీక్ష్ణత్వం నశించడం. దాని హేతువును తన కాలపు రసశాస్త్రభాషలో నిరూపించాడు. ప్రత్యక్షం నేటికీ నిలిచింది. అనుమానం కాలక్రమంలో సంస్కరింపబడింది. తన విధిని తానే ఆక్షేపించి, హేతువును చెప్పిన పిదపనే శిష్యునికి ఉపదేశించిన ఆ నిష్ఠ జిజ్ఞాసువులకు అనుసరణీయం.