బాకీ: 3,845 రూపాయలు

మార్చి ఎండకు మోతెలో పొద్దున తొమ్మిదింటికే రేకుల కింద ఉక్కపోత మొదలైంది. సూర్యాపేట–ఖమ్మం రోడ్డు పక్కన ఓ చిన్న ఇంటర్నెట్ సెంటర్. బయటి బల్ల మీద ఇలా కూర్చున్నారో లేదో, మీకు ముందు తుమ్ము వస్తుంది. ఎదురుగా ఆగిన ట్రాలీ ఆటోలో మిర్చి బస్తాలు, వాటి మీద నీలం పట్టా. ఖమ్మం యార్డుకు పోవాల్సిన సరుకది. ఇంజన్ ఆపి దిగిన మనిషికి యాభై దాటి ఉంటాయి. పేరెందుకు, ఊరు పిలిచినట్టే మనమూ ట్రాలీ మామ అందాం.

చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో ఆర్‌సీ, ఇన్సూరెన్స్ కాగితం, మూలలు అరిగిన లైసెన్స్ కార్డు, డాక్టరు సంతకం పెట్టిన ఫారం 1ఏ. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్ కనుక ఐదేళ్లకోసారి ఈ తతంగం తప్పదు.

"ఇంక ఇరవై మూడు దినాలే ఉన్నది. రెన్యువల్ పెట్టు అల్లుడూ."

"పెడ్త గానీ మామా, ముందు చలాన్లు చూద్దాం. కొత్త రూల్ వచ్చిందట. బాకీలుంటే లైసెన్స్ పని ముందుకు పోదట."

"చలాన్లా? నాకొక్క మెసేజ్ రాలె గదా!"

సెంటర్ కుర్రాడు చెప్పింది ఉత్త పుకారు కాదు. 2026 జనవరిలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించింది. చలానా పడితే 45 రోజుల్లోగా కట్టాలి, లేదంటే అభ్యంతరం చెప్పుకోవాలి. రెండూ చేయకపోతే తప్పు ఒప్పుకున్నట్టే లెక్క. ఆ తర్వాతా బాకీ మిగిలితే, పన్ను కట్టడం తప్ప లైసెన్స్‌కూ రిజిస్ట్రేషన్‌కూ సంబంధించిన దరఖాస్తులేవీ కదలవు.

కుర్రాడు ముందు ట్రాలీ నంబరు కొట్టాడు. అతివేగం, రెండుసార్లు. ఒక్కోటి 1,035. వెయ్యి జరిమానా, పైన 35 యూజర్ ఛార్జీ. తర్వాత ఇంటి దగ్గరున్న బైకు నంబరు. హెల్మెట్ లేనందుకు 135 చొప్పున నాలుగు. ఒకటి ట్రిపుల్ రైడింగ్, 1,235. కుర్రాడు కాలిక్యులేటర్ నొక్కి తెరను మామ వైపు తిప్పాడు. 3,845.

మామ మనసులో ఇంకో లెక్క మొదలైంది. పెదవుల కదలికను బట్టి మీకూ అందుతుంది. డీజిల్, హమాలీ, టోల్ పోను నాలుగు ట్రిప్పుల మిగులు.

"ఫోన్ నంబరు ఎవరిది ఇచ్చినవు మామా, రిజిస్ట్రేషన్ అప్పుడు?"

"నాకేమెర్క. షోరూమోళ్లే రాసుకున్నరు."

అదీ సంగతి. మెసేజీలన్నీ ఎవరి ఫోన్‌లోనో పడి ఉన్నాయి. కెమెరా పట్టిన తప్పుకు 15 రోజుల్లో నోటీసు పంపాలని 2021 ఆగస్టులోనే నిబంధన తెచ్చారు. పంపడమంటే సర్వర్ నుంచి బయల్దేరడమా, మనిషి చెవిన పడడమా అన్నది మోతె లాంటి చోటే తేలుతుంది.

"మళ్ల డిస్కౌంట్ ఇయ్యరా?" మామ గొంతులో ఆశ.

ఆ ఆశ రాష్ట్ర ప్రభుత్వం పెంచి పోషించిందే. 2022 మార్చిలో పాత చలాన్లపై ద్విచక్ర వాహనాలకు 75 శాతం మాఫీ చేశారు. 2023 డిసెంబరు 26 నుంచి ఇంకోసారి, ఈసారి 80 శాతం. గడువు పెంచుకుంటూ పోయి 2024 ఫిబ్రవరి 15 దాకా తెచ్చారు. వెంటనే కట్టినవాడు పూర్తిగా కట్టాడు, ఊరుకున్నవాడు ఐదో వంతుతో బయటపడ్డాడు. ఓపిక పడితే తగ్గుతుందని అలా రాష్ట్రం జనానికి నేర్పింది, ఇప్పుడు ఓపిక పట్టినందుకు కేంద్రం లైసెన్స్ ఆపుతామంటోంది.

బల్ల మీద మీ పక్కనున్న పెద్దాయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "మా బిడ్డ డల్లాస్‌ల ఉంటది. అక్కడ గూడ గిట్లనేనట."

గిట్లనే. టెక్సస్‌లో కోర్టు జరిమానా కట్టనివాళ్లకు రెన్యువల్ నిరాకరించే పద్ధతి 1990ల నుంచీ ఉంది. ఆ జాబితా నడిపేది ఓమ్నిబేస్ అనే ప్రైవేటు సంస్థ. జాబితాలోంచి పేరు పోవాలంటే జరిమానాకు తోడు ఇంకో రుసుము, ఒకప్పుడు 30 డాలర్లు, 2020 నుంచి 10. కట్టలేకపోయినవాడు లైసెన్స్ లేకుండానే పనికి పోతాడు, దొరుకుతాడు, కొత్త జరిమానా పాతదాని నెత్తినెక్కుతుంది. ఈ సుడిగుండాన్ని చూసే కాలిఫోర్నియా 2017లో జరిమానా బాకీకి లైసెన్స్ సస్పెండ్ చేయడం మానేసింది. అంతకు చాలా ముందే, 1971లో, జార్జియాకు చెందిన ఓ పాస్టరు కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మూడు పల్లెల సంఘాలను కారులో తిరిగి చూసుకునే మనిషి ఆయన. లైసెన్స్ చేతికిచ్చాక అది బతుకుతెరువవుతుందని, వాదన వినకుండా లాక్కోవడం కుదరదని కోర్టు తేల్చింది.

ఇక్కడ రెన్యువల్ ఆగిపోయిందనుకోండి. మామ బండి ఆగుతుందా? మిర్చి ఆగదు, ఫైనాన్స్ కిస్తీ ఆగదు. గడువు తీరాక 30 రోజుల పాటు ఉండే వెసులుబాటును 2019 సవరణ తీసేసింది. ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ పరీక్షకు నిలబడాలి. ఈలోపు రోడ్డు మీద ఏదన్నా జరిగితే బాధితుడికి బీమా కంపెనీ డబ్బిచ్చి, ఆ మొత్తం యజమాని దగ్గర రాబట్టుకోవచ్చు. స్వరణ్ సింగ్ కేసులో 2004లో సుప్రీంకోర్టు చూపిన దారి అది. 135 రూపాయల బాకీ ఇల్లమ్మినా తీరని బాకీ కావడానికి మధ్యలో ఉన్నది ఒక్క కాలం చెల్లిన కార్డు.

"ఫొటోలు సూపియ్యి," అన్నాడు మామ. "నా తప్పైతే కడ్త."

కుర్రాడు హెల్మెట్ చలానా తెరిచాడు. వెనకనుంచి తీసిన ఫొటో. నంబర్ ప్లేటు అద్దంలా కనిపిస్తోంది, మనిషి మసకగా ఉన్నాడు. మామ కళ్లు చికిలించాడు. "ఈడెవడో గానీ, బండి మాత్రం నాదే." బల్ల మీద నవ్వులు. మీకూ నవ్వొస్తుంది. చలానా బండికి పడుతుంది, లైసెన్స్ మనిషిది. ఈ రెంటినీ ముడేస్తే ఒకరి నెత్తిన హెల్మెట్ లేనందుకు ఇంకొకరి పొట్ట కాలుతుంది.

తర్వాతిది ట్రిపుల్ రైడింగ్. 2023 నాటిది. 65వ నంబరు హైవే మీద ముగ్గురు కుర్రాళ్లు, పక్కనే లారీ టైరు. ఆ టైరుకూ చివర కూర్చున్న పిల్లాడి మోకాలికీ మధ్య జానెడు జాగా. వాడి వీపున కాలేజీ బ్యాగు. తెగిన జిప్పు పక్కన ఎర్ర దారంతో వేసిన కుట్లు.

మామ నవ్వు ఆగిపోయింది. "ఆ బ్యాగు నేనే కుట్టిన. గోనె సూదితోని."

ఎవరూ మాట్లాడలేదు. రోడ్డు మీద ఖమ్మం బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది.

"ఇది గప్పుడే నాకు సూపిస్తే..." అని ఆపేశాడు.

ఆ ఫొటో ఆ వారంలోనే ఈ తండ్రి ఫోన్‌కు వచ్చి ఉంటే ఆ ఇంట్లో ఏ ట్రాఫిక్ పాఠమూ చెప్పనంత పని చేసేది. వేళకు చేరిన శిక్ష బుద్ధి చెబుతుంది. మూడేళ్లకు చేరింది కనుక ఇప్పుడు ఉట్టి అప్పు. అప్పు వసూలుకు లైసెన్స్‌ను తాకట్టు పెట్టించుకుంటే రోడ్డు భద్రమవుతుందా?

మామ ఫోన్ తీశాడు. ట్రాలీ మీదున్నవి రెండూ, ఆ ట్రిపుల్ రైడింగ్‌దీ కట్టాడు. 3,305. మిగిలిన నాలుగింటికి డబ్బు ఖమ్మం నుంచి వచ్చాక చూద్దామన్నాడు. కుర్రాడు రశీదులు ప్రింటు తీస్తూ, "ఫోన్ నంబరు గూడ మార్చుకో మామా," అన్నాడు.

"మారుస్త. గా ఫొటో గూడ ఒకటి ప్రింటు తియ్యి."

"దేనికి?"

మామ ఆ కాగితాన్ని మడవకుండా తీసుకెళ్లి, ట్రాలీ అద్దం ముందున్న దేవుడి పటం పక్కన నిలబెట్టాడు.

"సాయంత్రం వాడు బైకు తాళం అడుగుతడు గదా," అన్నాడు.