బిడ్డ బరువుకు కొలబద్ద ఎవరిది?

"పిల్లకు నా పాలు సాల్తలేవు." మా చిలకలగూడ బస్తీల్లో కూలికిపోయే తల్లుల నోట నేనీ మాట తరచు వింటాను. ఇది అనుభవంలోంచి పుట్టిన మాటేనా? దీనికొక చరిత్ర ఉంది.

1970ల చివరినుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశదేశాలకు సిఫారసు చేసిన పెరుగుదల పటం అమెరికా పిల్లల కొలతలతో గీసింది. అందులో పసిబిడ్డల కొలతలు ఒహాయో రాష్ట్రంలోని ఎల్లో స్ప్రింగ్స్ ప్రాంతానివి. వాళ్లలో అత్యధికులు సీసాపాలతో పెరిగినవాళ్లు. తల్లిపాలు తాగే బిడ్డ మొదటి రెండు మూడు నెలలు చురుగ్గా బరువెక్కి, తర్వాత కాస్త నిదానిస్తుంది. అది సహజం. సీసాబిడ్డ గీత పక్కన పెట్టేసరికి ఆ సహజమే లోపంగా కనిపించింది.

మన పొరుగున తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తర్వాత దానికి డైరెక్టరైన డాక్టర్ సి. గోపాలన్ 1950ల్లోనే పేద తల్లుల పాలను పరీక్షించారు. కొన్ని విటమిన్లు తక్కువైనా, అర్ధాకలి తల్లుల పాలలో మాంసకృత్తులు దాదాపు తగ్గలేదని తేలింది. తల్లి తన ఒంటిని కరిగించి బిడ్డకు పోస్తోందన్నమాట! చాలనిది పాలు కాదు, తల్లికి తిండి.

ఈ నిజాన్ని డబ్బాపాల వ్యాపారం కప్పిపెట్టింది. 1939లోనే డాక్టర్ సిసిలీ విలియమ్స్ సింగపూరులో 'పాలు - హత్య' అనే ఉపన్యాసంతో హెచ్చరించింది. కలుషితమైన నీళ్లు, పలచన చేసిన పొడి పేదబిడ్డల ప్రాణాలు తీశాయి. 1981లో డబ్బాపాల అమ్మకాలపై అంతర్జాతీయ నియమావళికి 118 దేశాలు ఓటేస్తే, వ్యతిరేకించింది అమెరికా ఒక్కటే. మన దేశంలో 1992లో చట్టం వచ్చింది. 2003లో దాన్ని మరింత బిగించారు. 2006లో కొలబద్ద కూడా మారింది. ఇండియాతో సహా ఆరు దేశాల్లో తల్లిపాలతో పెరిగిన పిల్లల కొలతలతో కొత్త పటాలు వచ్చాయి.

బిడ్డ బరువు పెరగకపోతే డాక్టరుకు చూపించవలసిందే. కాని తల్లిని దోషిగా నిలబెట్టేముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. 1961 చట్టం ఇచ్చిన 12 వారాల ప్రసూతి సెలవును 2017లో 26 వారాలకు పెంచారు. ఇటుకలు మోసే తల్లికి, పదిళ్లలో అంట్లు తోమే తల్లికి అందులో ఎన్ని వారాలు దక్కాయి? పురిటి మంచం దిగీదిగగానే పనికి పరుగెత్తే తల్లికి పాలివ్వడానికి తీరిక ఏది? గోడమీద పటం మారింది. ఆమె పనిదినం మారలేదు. తల్లిపాల గొప్పతనం గురించి ఉపన్యసించేవాళ్లు ముందు ఆమె కూలి గురించీ, సెలవు గురించీ మాట్లాడాలి.