ప్రెజెంట్లీ

ప్రెజెంట్లీ ఇంగ్లిషులో కాలాన్ని తెలిపే క్రియావిశేషణం. దీనికి ‘ప్రస్తుతం’, ‘కాసేపట్లో’ అని రెండర్థాలు వాడుకలో ఉన్నాయి. భారతీయ, అమెరికన్, స్కాటిష్ ఇంగ్లిషుల్లో మొదటిది బాగా వినిపిస్తుంది. రెండోది బ్రిటిష్ రచనల్లో ఎక్కువ.

లాటిన్ మూలమున్న ప్రెజెంట్ అనే విశేషణం నుంచి ఈ మాట పుట్టింది. 16వ శతాబ్దంలో దీనికి ‘తక్షణమే’ అనే అర్థం బలంగా ఉండేది. షేక్‌స్పియర్ ‘టెంపెస్ట్’ నాటకంలో ఏరియల్ తన యజమాని ప్రాస్పెరోను ‘ఇప్పటికిప్పుడేనా?’ అని అడిగేది ఈ ఒక్క మాటతోనే. వెంటనే చేస్తామన్నవాళ్లు కాస్త ఆలస్యం చేయడం మానవ సహజం. అర్థం కూడా అలాగే సడలుతూ ‘కాసేపట్లో’ దగ్గర ఆగింది. పాత ఇంగ్లిషులో ‘వెంటనే’ అని అర్థమిచ్చిన ‘సూన్’ కూడా ఇదే దారిన నడిచింది.

ఏ అర్థమో తేల్చేది క్రియ. ‘షి ఈజ్ ప్రెజెంట్లీ వర్కింగ్ ఇన్ గుంటూరు’ అంటే ఆమె ఇప్పుడు గుంటూరులో పనిచేస్తోందని. ‘ద డాక్టర్ విల్ సీ యూ ప్రెజెంట్లీ’ అంటే డాక్టరుగారు కాసేపట్లో చూస్తారని. భూతకాలపు కథనంలో ‘కాసేపటికి’ అని చదువుకోవాలి.

‘ప్రస్తుతం’ అనే వాడుక తప్పని కొందరు శైలీ నిపుణులు అభ్యంతరం చెబుతూ వచ్చారు. ఆ అభ్యంతరం నిలవదు. షేక్‌స్పియర్ కంటే ముందే ఆ అర్థం ఉంది. మన బయోడేటాల్లో ఈ మాట నిస్సంకోచంగా రాయవచ్చు. బ్రిటిష్ పాఠకులకు రాసేటప్పుడు మాత్రం ‘కరెంట్లీ’ మేలు.