చెప్పబోయి నేర్చుకున్నవారు

కాలేజీ విద్యార్థులు సెలవురోజు సర్కారు బడికి వెళ్లి పేదపిల్లలకు సైన్సు ప్రయోగాలు చూపించడం, ఊరి సమస్య మీద వాళ్లచేత ప్రాజెక్టు చేయించడం ఈ మధ్య పుట్టిన ఆనవాయితీ అనుకుంటాం. నిజానికి చదువుకున్న యువకులు చదువందని పిల్లల దగ్గరికి వెళ్లిన చరిత్ర వందేళ్లకు పైబడినది. అందులో ఒక ముఖ్యఘట్టం శ్రీకాకుళం వాడి చేతుల మీదుగానే నడిచింది. ఆ చరిత్రను వరసగా చూస్తే ఒక సంగతి తేలుతుంది. వచ్చినవాడు చెప్పడానికే వచ్చినప్పుడు పని సందడిగా మొదలై సందడితోనే ముగిసింది. ముందు తాను అక్కడివాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నప్పుడే పిల్లలకు ఏదైనా మిగిలింది. శ్రీకాకుళం జిల్లా పొందూరు లాంటి చేనేత ఊళ్లో, ఇంజనీరింగు చదివే కుర్రాడు నేర్చుకోవలసింది ఏముంటుందని ఎవరైనా అడిగితే, అక్కడి నూలునే చూపించాలి.

పొందూరు సన్నఖద్దరుకు వాడే పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకకున్న సన్నటి పళ్లు చెత్తను వదిలించి పోగులను ఒక దిక్కుకు సర్దుతాయి. తర్వాత గింజ తీసి, దూది ఏకి, ఏకులు చుట్టి, ఒంటి కదురు రాట్నం మీద ఆడవాళ్లు వంద నంబరు నూలు వడుకుతారు. ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తాయో అదే ఆ నూలు నంబరు. అంటే వంద నంబరు నూలు పౌనుకు 84,000 గజాలు, దాదాపు 77 కిలోమీటర్లు. చక్రం ఒకసారి తిరిగితే కదురు ఎన్నిసార్లు తిరుగుతుంది, పురి ఎక్కువైతే దారం ఏమవుతుంది, గాలిలో తేమ తగ్గితే పోగు ఎందుకు తెగుతుంది అన్న ప్రశ్నలన్నిటికీ హైస్కూలు పిల్లలు తూచి, కొలిచి జవాబు చెప్పగలరు. వాటి జవాబులు వడికేవాళ్ల వేళ్లకు తెలుసు, వాటి కారణాలు పాఠ్యపుస్తకంలో ఉన్నాయి. ఆ రెండింటినీ కలపడమే వెళ్లిన విద్యార్థి పని. ఈ నైపుణ్యాన్ని స్వయంగా చూసి రమ్మని గాంధీజీ తన కొడుకు దేవదాసును పొందూరు పంపారంటే, అది నేర్పడానికి చేసిన ప్రయాణం కాదు. 1949లో ఏర్పడిన ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం వడికేవాళ్లకు, నేసేవాళ్లకు ఒక సంస్థగా ఆసరా ఇచ్చింది. అక్కడి బడులు మాత్రం ఈ విద్యను పాఠంగా వాడుకున్నది తక్కువే.

నేర్చుకుని నేర్పడం ఎలాగో చూపినవాడు గిడుగు రామమూర్తి. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టి, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడుగా చేరాడు. ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. అయ్యాడు. అంటే ఆ ఏళ్లలో ఆయన సగం పంతులు, సగం విద్యార్థి. అక్కడి కొండల్లోని సవర గిరిజనుల పిల్లలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు తెలుగు వాచకం పట్టుకుని కొండెక్కలేదు. సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని ముందు ఆ భాష నేర్చుకున్నాడు, తర్వాత ఆ భాషలోనే పుస్తకాలు రాసి సొంత డబ్బుతో బడులు పెట్టాడు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇస్తామంటే, ఆ సొమ్ముతో సవరలకు ఒక మంచి బడి పెట్టమన్నాడని చెబుతారు. ఈ పనికి ఆయనకు పట్టినవి వారాలు కావు, దశాబ్దాలు.

తర్వాత వచ్చిన పథకాలన్నీ ఈ ఓపికను నిలుపుకోలేదు. 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మందితో మొదలైన జాతీయ సేవా పథకం విద్యార్థిని ఊరివైపు తిప్పింది. అది చిన్న మేలు కాదు. కానీ రెండేళ్లలో 240 గంటలు, దత్తత గ్రామంలో ఏడు రోజుల శిబిరం అన్న లెక్కలో ఊరిని తెలుసుకునే వేళ దొరకదు. ఏడు రోజుల్లో చెట్లు నాటవచ్చు, ఊరేగింపు తీయవచ్చు. ఒక పిల్ల ఏ లెక్క దగ్గర ఆగిపోతుందో కనిపెట్టలేం. దీనికి భిన్నంగా, మధ్యప్రదేశ్‌లోని అప్పటి హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 మాధ్యమిక పాఠశాలల్లో మొదలైన సైన్సు బోధన కార్యక్రమం 2002లో ప్రభుత్వం ఆపేదాకా ముప్పై ఏళ్లు నడిచింది. విశ్వవిద్యాలయాల నుంచి, పరిశోధన సంస్థల నుంచి వచ్చినవాళ్లు తామే పాఠం చెప్పి వెళ్లిపోకుండా ఊరి ఉపాధ్యాయులను తయారుచేశారు, బడిలో కుదరని ప్రయోగాలను మార్చుకున్నారు. 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్సు కాంగ్రెస్ కూడా పదేళ్ల నుంచి పదిహేడేళ్లలోపు పిల్లలను తమ చుట్టూ ఉన్న సమస్యనే పరిశోధించమంటుంది. పొందూరు పిల్లలకు అలాంటి ప్రశ్న కోసం ఊరు దాటే పని లేదు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. చేనేత ఊళ్లో పిల్లలకు నూలునే పాఠం చేస్తే వాళ్లను కులవృత్తికి కట్టేయడం కాదా? 1937లో గాంధీజీ వార్ధా విద్యాపథకం రాట్నాన్ని బడిలోకి తెచ్చింది. 1953లో ముఖ్యమంత్రి రాజాజీ మద్రాసు రాష్ట్రంలో పిల్లలు సగం పూట బడిలో, మిగతా పూట తల్లిదండ్రుల వృత్తిలో గడపాలన్నప్పుడు కులవిద్య అన్న నిరసన చెలరేగింది, మరుసటి ఏడాది కామరాజ్ ముఖ్యమంత్రిగా వచ్చాక ఆ పథకం రద్దయింది. ఆ నిరసన న్యాయమైనదే. అయితే వృత్తిలో పిల్లవాడి చేత పని చేయించడం వేరు, వృత్తి గురించి అందరు పిల్లల చేత ప్రశ్న వేయించడం వేరు. మొదటిది బడి పూటను తగ్గించింది, పుట్టుకను బట్టి చోటు నిర్ణయించింది. రెండవదానిలో ఏ ఇంటి పిల్లయినా త్రాసు పట్టుకుని నూలు నంబరు కడుతుంది, పెద్దయ్యాక రాట్నం ముట్టుకోకపోయినా ఆ పద్ధతి ఆమె వెంట ఉంటుంది.

మార్కుల మాటేమిటన్నది రెండో అభ్యంతరం. పేదపిల్లకు పదో తరగతి పరీక్షే తొలి గడప గనుక ట్యూషన్ చెబితే చాలదా అంటారు. ఆ వాదనను తీసిపారేయలేం. శ్రీకాకుళం జిల్లాలోనే ఎచ్చెర్ల మండలంలో 2016లో మొదలైన ట్రిపుల్ ఐటీలో చోటు దొరికేదీ పదో తరగతి మార్కులతోనే. కాకపోతే నిష్పత్తి, ప్రమాణాల మార్పిడి ఆ పరీక్షలోనూ అవసరమయ్యేవే; చేత్తో కొలిచిన పిల్లకు అవి బట్టీ పట్టే పని తగ్గుతుంది. విద్యార్థులు చదువైపోగానే వెళ్లిపోతారు గదా అన్న మూడో మాటకు జవాబు కూడా ఆ ప్రాంగణంలోనే ఉంది. అక్కడి కోర్సు ఆరేళ్లది, చేరేవాళ్లలో ఎక్కువమంది పల్లె బడుల నుంచి వచ్చినవాళ్లే. ఆరేళ్లలో మొదటి ఏడాది వడికే ఇంటి దగ్గర, బడి పంతులు దగ్గర నేర్చుకోవడానికే కేటాయించి, మిగిలిన ఏళ్లలో అదే బడిని పట్టుకుని ఉండి, తర్వాతి జట్టుకు అప్పగించి వెళితే కొనసాగింపు తెగదు. ఎన్ని బడులు తిరిగారు, ఎన్ని ఫొటోలు దిగారు అన్నదాని బదులు, ఊరి నుంచి ఏం నేర్చుకున్నారని విద్యార్థులను అడిగే పథకానికే నిధులు, గుర్తింపు దక్కాలి.