నాయకుల పొర కింద చోళుల బొమ్మ

ఏళాయిరంపన్నై చుట్టుపక్కల మన గుళ్ళల్లో కుంభాభిషేకం వస్తే చాలు, పాత టేకు తలుపు మీద ఇంకో చెయ్యి ఎనామిల్ పడుతుంది. ఇప్పుడు ఆ పొరలన్నీ మందు పూసి తీసేద్దామనే మాట వినబడుతోంది. దానికి ముందు తంజావూరు కథ చెప్పుకుందాం.

పెద్దగుడి గర్భగృహం చుట్టూ ఉన్న చీకటి నడవలో రాజరాజ చోళుడి కాలపు చిత్రాలున్నాయి. తర్వాత తంజావూరు ఏలిన మన తెలుగు నాయకుల కాలంలో వాటి మీదే కొత్త బొమ్మలు వేశారు. 1931లో అణ్ణామలై విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.కె. గోవిందస్వామి లోపలి చోళ చిత్రాలను కనిపెట్టారు. మద్రాసు మ్యూజియం రసాయన నిపుణుడు ఎస్. పరమశివన్ ఆ గోడల పూతను, రంగులను పరిశీలించారు. తర్వాతి కాలంలో పురావస్తు శాఖవారు పై పొరను గీకి పారేయలేదు. నాయకుల చిత్రాలను జాగ్రత్తగా విడదీసి ఫైబర్‌గ్లాస్ పలకల మీద నిలిపారు. రెండూ దక్కాయి. ఏం తీస్తున్నామో తెలుసుకున్నాకే చెయ్యి పెట్టారు.

మన తలుపుకూ అదే న్యాయం. పాత ఎనామిల్లో సీసం ఉండవచ్చు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదనే నియమం మన దేశంలో 2017 నవంబరులోనే అమలుకొచ్చింది. అందుకని ఎండుగా ఉప్పుకాగితం రుద్దకూడదు. ఆ దుమ్ము పిల్లలకు విషం.

మందుల్లోనూ తేడాలున్నాయి. మిథిలీన్ క్లోరైడ్ ఉన్నది త్వరగా పనిచేస్తుంది. కానీ దాని ఆవిరి గాలికన్నా బరువు, కిందే నిలుస్తుంది. ఒంట్లోకి పోతే కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. మూసిన గదుల్లో పనిచేసి చనిపోయినవాళ్ళున్నారు. అమెరికాలో 2019లో ఇళ్ళవాళ్ళకు దాని అమ్మకమే ఆపేశారు. కాస్టిక్ సోడా చవకే గానీ టేకును నల్లబరుస్తుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు.

కాబట్టి మిథిలీన్ క్లోరైడ్ లేని మందే కొందాం. తలుపు ఊడదీసి బయట నీడలో పెట్టి, ముందు ఒక మూల జానెడు మేర పూసి చూద్దాం. మందంగా పూసి, డబ్బా మీద రాసినంతసేపు ఆగితే రంగు ఉబ్బుతుంది. అప్పుడు మొద్దు అంచు చెక్కతో తియ్యాలి. మందుకు తగిన చేతితొడుగులు, కళ్ళద్దాలు తప్పనిసరి. చాలా మందులు అంటుకుంటాయి. అగ్గిపెట్టెల, టపాసుల సీమవాళ్ళకు నిప్పు సంగతి వేరే చెప్పాలా?

చెక్కడం ఉన్న తలుపయితే ముందు ఫోటోలు తీసి, తెలిసిన శిల్పికి చూపించాకే మందు డబ్బా మూత తీద్దాం.