మన ఊరి వీధులు – మన కొండ మెట్లు



నేటి ప్రసంగానికి నేను తీసుకొన్న విషయం వేదాంతం కాదు, పురాణమూ కాదు. మనం నివసిస్తున్న ఈ తిరుపతి పట్టణపు వీధులు, ఈ కొండ మెట్లు. “ఇందులో చెప్పడానికి ఏమున్నది? రోజూ చూచేవే గదా!” అని మీకు తోచవచ్చు. నాకు కూడా చాలాకాలం అలాగే తోచినది. ఆ భ్రమ ఎట్లా తొలగినదో ముందుగా మనవి చేస్తాను.

కొన్నేండ్ల క్రిందట మార్గశిర మాసంలో ఒకనాటి ఉదయం గోవిందరాజస్వామి వారి గోపురం ముందు నిలుచుని ఉన్నాను. మహారాష్ట్రం నుండి వచ్చిన వృద్ధ దంపతులు నన్ను సమీపించి, వచ్చీరాని తెలుగులో ఒక ప్రశ్న వేశారు. “వెనుకటి కాలంలో యాత్రికులు ఇక్కడి నుండి కొండకు నడిచిపోయేవారట గదా, దారిలో ఏ తీర్థంలో స్నానం చేసేవారు? ఎక్కడెక్కడ ఆగేవారు?” అని. నేను పుట్టి పెరిగినది ఈ ఊరిలోనే. స్వామి దర్శనానికి కొన్ని వందల పర్యాయాలు వెళ్లి ఉంటాను. అయినా నా నోట సమాధానం రాలేదు. బస్సు ఎక్కడ దొరుకుతుందో మాత్రం చెప్పగలిగాను. కాలినడకన నేను కొండ ఎక్కినది ఒక్కసారే. అది కూడా పుట్టువెండ్రుకలు తీయించిననాడు, మా నాయన భుజాల మీద!

ఆ పెద్దాయన నన్ను ఏమీ అనలేదు. నమస్కరించి ముందుకు సాగిపోయారు. ఎక్కడో వందల మైళ్ల దూరంలో పుట్టినవారికి మన దారి మీద ఉన్న శ్రద్ధ, ఆ దారి మొదట్లో కాపురమున్న నాకు లేకపోయెనే అన్న సిగ్గు మాత్రం మిగిలినది. ఆ నెలలోనే ఒక నియమం పెట్టుకొన్నాను. సూర్యోదయానికి ముందే లేచి, రోజుకొక వీధి చొప్పున, సందు గొందులతో సహా ఏదీ విడువకుండా నడవాలి. సెలవునాడు కొండ మెట్లు ఎక్కాలి. ఈ నియమం ముగిసేసరికి సంవత్సరం గడిచినది. ఆ నడకలో నేను తెలుసుకొన్నదే ఈనాడు మీ ముందు ఉంచుతున్నాను.

మొట్టమొదట గ్రహించవలసినది ఏమనగా, మన ఊరు నడక కోసమే పుట్టిన ఊరు. భగవద్రామానుజుల వారు పన్నెండవ శతాబ్దంలో కొండ దిగువన గోవిందరాజస్వామిని ప్రతిష్ఠింపజేసి, ఆలయం చుట్టూ వీధులు తీర్చి, కైంకర్యపరులకు నివాసాలు ఏర్పరచారని మన సంప్రదాయం చెబుతున్నది. ఆ ప్రతిష్ఠ 1130లో జరిగినదని ప్రతీతి. అనగా ముందు ఇండ్లు కట్టుకొని, తరువాత గుడికి చోటు వెదకిన ఊరు కాదిది. ముందు స్వామి, స్వామి చుట్టూ మాడ వీధులు, ఆ వీధుల వెంట మనుష్యులు. గుడి లోపలికి రాలేని వృద్ధుని కోసం, రోగి కోసం, చంటిబిడ్డ తల్లి కోసం ఉత్సవమూర్తి తానే వాకిటికి వస్తాడు. దేవుడే నడిచి వచ్చే వీధిలో మనం నడవకపోవడం ఎంతటి లోపమో ఆలోచించండి!

ఇక వీధుల పేర్లు. తీర్థకట్ట వీధి, భేరి వీధి, కర్నాల వీధి, బండ్ల వీధి, చిన్న బజారు వీధి – వీటిని నిత్యం పలుకుతూనే ఉంటాము. తాతయ్యగుంట, కొర్లగుంట అంటాము. గుంట అనగా నీరు నిలిచే చోటు అని పసిపిల్లవానికి సైతం తెలుసు. ఆ నీరు ఎటునుండి వచ్చేది, ఎటు పోయేది అని మాత్రం అడగము. 2021 నవంబరులో కుండపోతగా వాన కురిసినప్పుడు మన పట్టణంలోని పల్లపు ప్రాంతాలు జలమయమైనవి. కొండ నుండి దిగిన నీరు తనకు తెలిసిన దారిని వెదకుకొన్నది. మనం మరచిన పల్లాన్ని నీరు మరచిపోలేదు. పెద్దలు ఊరి నేల స్వభావాన్ని వీధి పేరులో దాచి మనకు అప్పగించారు. కాలినడకన తిరిగేవానికి ఏ వీధి ఎటు వాలి ఉన్నదో పాదమే చెబుతుంది. వాహనంలో పోయేవానికి ఆ వాలు తెలియదు.

ఊరంతా నడవాలన్న ఈ ఆలోచన నేను కనిపెట్టినది కాదు సుమా! తాతయ్యగుంట గంగమ్మ జాతర దీనికి ప్రత్యక్ష నిదర్శనం. వేసవిలో జాతర మొదలయ్యేనాడు కైకాల వంశస్థులు ఊరి పొలిమేరలు తిరిగి చాటింపు వేస్తారు. జాతర ముగిసేవరకు ఊరి వారెవ్వరూ ఊరు విడిచి వెళ్లరాదని దాని భావం. ఆ తరువాత బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం – ఇలా దినానికొక వేషంతో వీధి వీధీ, వాకిలి వాకిలీ తిరుగుతారు. స్త్రీలను చెరపట్టిన పాలెగాడొకడు అమ్మవారికి భయపడి దాగుకొన్నాడట. వానిని వెదకుతూ ఆమె వేషాలు మార్చి ఊరంతా గాలించి, చివరకు దొర వేషంలో వానిని బయటికి రప్పించి సంహరించినదట. ఈ కథలోని అంతరార్థం చూడండి. ఏ సందునైతే ఎవరూ తొంగిచూడరో ఆ సందులోనే అధర్మం దాగుకొంటుంది. తల్లి ఏ వాకిలినీ విడువలేదు గనుకనే ఊరు రక్షింపబడినది. వేంకటేశ్వరుని చెల్లెలిగా మనం కొలిచే ఈ గ్రామదేవత మనకు నేర్పిన పాఠం ఇది.

పట్టణం దాటి కొండ అంచుకు పోతే కపిలతీర్థం. నన్ను ప్రశ్నించిన ఆ దంపతులకు నేను చెప్పవలసిన మొదటి సమాధానం ఇదే. కొండ మీది నుండి జలధార దూకే ఆ కోనేటిని శైవులు కపిలతీర్థమన్నారు, వైష్ణవులు ఆళ్వారు తీర్థమన్నారు. విజయనగర ప్రభువు అచ్యుతరాయల కాలంలో దానికి రాతిమెట్లు అమర్చారు. పేర్లు రెండైనా దిగే మెట్లు అవే, మునిగే నీరు అదే. ఈ సంగతి గ్రంథాలలో చదివి గ్రహించడం వేరు, తడిసిన రాతి మీద పాదం మోపి గ్రహించడం వేరు.

అక్కడి నుండి అలిపిరి. రామానుజుల వారికి మేనమామ అయిన తిరుమలనంబి కొండపై స్వామికి తీర్థకైంకర్యం చేసేవారు. రామానుజులకు రామాయణ రహస్యాలు బోధించడానికి ఆయన ఒక ఏడాదిపాటు కొండ దిగి ఇక్కడికి వచ్చేవారని గురుపరంపరా కథనం. గురువే శిష్యుని కోసం మెట్లు దిగి వచ్చిన చోటు అది! మనం టోలుగేటు వద్ద వాహనం ఆపి, పెట్టెలు దించి, మళ్లీ ఎక్కించుకొనే తొందరలో ఆ విషయం స్మరించుకొంటున్నామా?

అలిపిరి దారిలో 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్ల నడక. శ్రీనివాస మంగాపురం వైపు నుండి ఎక్కే శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు. దూరం తక్కువ, ఎక్కుడు ఎక్కువ. అలిపిరి దారి సోపానాలతో, గోపురాలతో మట్లి అనంతరాజు పేరు ముడిపడి ఉన్నది. 1944లో మొదటి ఘాటు రోడ్డు, 1974లో రెండవది వచ్చినవి. వాటిని నేను నిందించడం లేదు. అవి లేకపోతే నడవలేని కోట్లాది భక్తులకు దర్శనభాగ్యమే లేదు. అయితే నడవగలిగినవాడు కూడా నడక మానివేయడానికి అవి కారణం కారాదు.

మోకాళ్ళ పర్వతం దగ్గర కొండ నిట్టనిలువుగా ఉంటుంది. ఈ కొండ సాక్షాత్తు ఆదిశేషుడు గనుక పాదం మోపరాదని రామానుజులు అక్కడ మోకాళ్లతో ఎక్కారని చెబుతారు. అదే కొండకు తాళ్ళపాక నుండి బాలుడైన అన్నమయ్య ఒంటరిగా నడిచి వచ్చాడు. ఆకలితో, అలసటతో సోలిపోయి నిద్రించగా, అలమేలుమంగ కలలో కనిపించి, “నాయనా! ఇది సాలగ్రామమయమైన కొండ. చెప్పులు విడిచి ఎక్కు” అన్న భావంతో బోధించినదని ఆయన మనుమడు చిన్నన్న రచించిన అన్నమాచార్య చరిత్రము వలన తెలుస్తున్నది. దారి కనబడక కాదు ఆ పిల్లవాడు కూలబడినది, తాను నిలిచిన నేల ఏమిటో తెలియక. తెలిసిన క్షణంలో అలసట తీరినది, వాక్కు పెల్లుబికినది. చెప్పు అంటే తోలుచెప్పు ఒక్కటే కాదు. “ఇది నాకు తెలిసినదే” అన్న అహంకారం కూడా పాదానికీ నేలకూ నడుమ అడ్డుపడే చెప్పే. దానిని విడిచిననాడే మన వీధి మనకు కనిపిస్తుంది.

ఇందుకు మరొక దృష్టాంతం. ఆ అన్నమయ్య కీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమల ఆలయంలోనే, జనం నిత్యం నడిచే ప్రాకారంలో, ఒక చిన్న అరలో శతాబ్దాలపాటు ఉండిపోయినవి. దాని ప్రక్కనుండి ఎన్ని లక్షల మంది పోయి ఉంటారో! ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో, దేవస్థానం శాసనాలను పరిశోధించిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారి వంటి పండితుల కృషి వలన అవి వెలుగు చూచినవి. తరువాత వేటూరి ప్రభాకరశాస్త్రి గారు వాటి పరిష్కరణకు పూనుకొన్నారు. నేడు ఇంటింటా వినిపించే ఆ సంకీర్తనలు, గోడ వైపు శ్రద్ధగా చూచిన కొద్దిమంది చలువ. వెదకినవారు దూరదేశాలకు పోలేదు, అందరూ నడిచే చోటనే నడిచారు.

చూడకపోతే పోయేవి కూడా ఉన్నవి. పదిహేనవ శతాబ్దంలో కట్టిన తిరుమల వేయికాళ్ళ మండపాన్ని 2003లో తొలగించారు. యాత్రికుల రద్దీ పెరిగినందున మాడ వీధులు వెడల్పు చేయగా, తరతరాలుగా అక్కడ కాపురమున్న కుటుంబాలు ఇండ్లు విడిచి దిగివచ్చినవి. వాటి మంచిచెడ్డల చర్చకు ఇది వేదిక కాదు. నేను అడిగేది ఒక్కటే. ఆ మండపంలో ఎన్ని స్తంభాల ముందు మనం ఆగి చూచాము? ఆ వీధులలో ఎవరి ఇల్లు ఎక్కడ ఉండేదో మన పిల్లలకు చెప్పగలమా? రాయి పోయినా జ్ఞాపకం మిగలాలంటే, రాయి ఉన్నప్పుడు చూచిన కండ్లు ఉండాలి.

చివరగా నా నడకలోని ఆఖరి దినం. పట్టణమంతా తిరిగాను, రెండు దారుల మెట్లూ ఎక్కాను. మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక ఇరుకు సందు మాత్రం మిగిలినది. ఏ పని మీదా అటు పోవలసిన అవసరం నాకు ఎన్నడూ కలుగలేదు. ఆ సందు చివరి ఇంటి అరుగు మీద ఒక వృద్ధుడు కూర్చుని ఉన్నాడు. చూపు పోయినది. నా అడుగుల చప్పుడు విని, “ఎవరబ్బా అది?” అన్నాడు. ఆ గొంతు వినగానే నా ఒళ్లు ఝల్లుమన్నది. నాకు పలక మీద ఓనమాలు దిద్దించిన పంతులుగారు! ఆయన ఏనాడో కాలం చేశారని అనుకొంటున్నాను. పాదాలకు నమస్కరించి పేరు చెప్పాను. నా చేయి పట్టుకొని, “ఇన్నేండ్లు ఏ ఊర్లో ఉంటివి నాయనా?” అని అడిగారు.

భగవద్బంధువులారా! ఆ ప్రశ్నకు నేనేమి చెప్పగలను? ఈ ఊర్లోనే ఉన్నానని చెప్పడానికి నోరు రాలేదు. ఊరేగింపు వాద్యాలు దూరం నుండి వినిపించినప్పుడల్లా, ఆ అరుగు మీద నుండే లేచి చేతులు జోడిస్తానని ఆయన చెప్పారు. స్వామి వాహనం ఆ సందులో పట్టదు. కానీ నేను పడతాను గదా! ఆ తరువాత ప్రతి శనివారం ప్రసాదం తీసుకొని వెళ్లేవాణ్ణి. రెండేండ్లకు వారు పరమపదించారు. కొండ ఎక్కిన మెట్లన్నిటి పుణ్యం ఒక ఎత్తు, ఆ అరుగు ఎక్కిన ఒక్క మెట్టు ఒక ఎత్తు అని నా నమ్మకం.

అలిపిరిలో మన స్త్రీలు ప్రతి మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ పెట్టి ఎక్కడం మీరు చూచే ఉంటారు. వారు ఒక్క మెట్టునైనా దాటవేయరు. అదే శ్రద్ధను మన వీధుల మీద ఉంచుదాం. రేపు ఉదయం స్నానం చేసి, ఇంతవరకు మీరు కాలు పెట్టని సందు మీ ఇంటికి దగ్గరలో ఏదున్నదో చూచుకొని, అందులో చివరి వాకిలి వరకు నడవండి. తోడుగా ఒక పిల్లవాణ్ణి తీసుకొని పోండి. వీధి పేరు చెప్పండి, ఎవరి ఇల్లో చెప్పండి. తెలియకపోతే అరుగు మీది పెద్దలను అడగండి. “ఏ ఊర్లో ఉంటివి?” అని ఎవరైనా అడిగిననాడు తలవంచుకొనే అవస్థ మీకు కలుగకుండును గాక!

శుభమ్.